వాన చప్పుడు వినపడని కారు

"మీరు జుట్టు ఆరబెట్టుకోవడం అయిపోతే, లోపల మెకానిక్ ఎవరైనా ఉంటే కాస్త పిలుస్తారా?"

ఆ గొంతు విని ఆమె తలెత్తింది. షెడ్డు గుమ్మంలో ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. చేతిలో గొడుగు ఉంది, కానీ తెరవలేదు. చొక్కా భుజాల దగ్గర తడిసి ముద్దయింది. కోపంతో వచ్చేవాళ్ళు గొడుగు తెరవడం మరిచిపోతారని షెడ్డులో ఇన్నేళ్ళుగా చూసి ఆమెకు తెలుసు.

ఆమె చేతిలో హెయిర్ డ్రయ్యర్ ఉన్న మాట నిజం. జుట్టు తడిగా ఉన్న మాటా నిజమే. పొద్దున వానలో కారును లోపలికి నెట్టినవాళ్ళలో ఆమె ఒకతి. కానీ డ్రయ్యర్ గాలి వెళుతున్నది జుట్టు మీదికి కాదు. కారులో పక్కసీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట, పైకెత్తిన కార్పెట్ కిందికి.

"ఇది జుట్టుకి కాదండీ. కారుకి."

"కారుకి హెయిర్ డ్రయ్యరా?"

"తలస్నానం చేసొచ్చింది మరి. తువ్వాలుతో తుడిచి చూశాం, ఆరలేదు."

వెనకాల సుత్తి చప్పుడు ఆగిపోయింది. అక్కడ సొట్టలు తీసే బాబాయ్ నవ్వొస్తే ముందు సుత్తి ఆపుతాడు.

"ఇంతకీ మెకానిక్ ఎవరు?" అన్నాడతను.

"నేనే."

అతను డ్రయ్యర్‌ని చూశాడు. ఆమె చేతుల మీద గ్రీజు మరకలు చూశాడు. అన్న మాట వెనక్కి తీసుకునే దారి ఏదైనా ఉందేమోనని కాసేపు వెతికాడు. దొరక్కపోయేసరికి మళ్ళీ కోపాన్నే పట్టుకున్నాడు.

"ఇది మా అమ్మ కారు."

అతనెవరో అప్పుడర్థమైంది ఆమెకు. ఆ చిన్న నీలం కారు నర్సమ్మగారిది. మంచాన పడ్డ పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఇంజెక్షన్లు ఇచ్చి, కట్లు మార్చి వచ్చే ఆవిడను ఆ చుట్టుపక్కల ఎవరూ పేరు పెట్టి పిలవరు. కారు ఆగిపోతే ఆవిడ కోసం పది గడపల్లో ఎదురుచూస్తారు.

"మూడు వారాల కిందట ఇదే కారుకి కంట్రోల్ బాక్సు మార్చారు. దాని ఖరీదు కారు ధరలో పదోవంతు! ఇంక ఈ రిపేరు రాదని మేస్త్రిగారు మాటిచ్చారట. పొద్దున వానపడింది, మళ్ళీ కదల్లేదు. దీన్ని ఏమంటారు?"

"మోసం అంటారు బాబూ."

ఆ మాట అన్నది ఆమె నాన్న, ఆ షెడ్డు మేస్త్రి. షెడ్డు చివర, పాత టైర్ల పక్కన కుర్చీలోంచి మెల్లగా లేచి వచ్చాడు. "మీరు అనబోయేది అదేగా? అనండి, తప్పులేదు. మాటిచ్చాను, పోయింది. ఈసారి బాక్సు ఖర్చు నాది. మీ అమ్మగారి దగ్గర పైసా తీసుకున్నా అది నాకు అరగదు."

గొడవకి సిద్ధపడి వచ్చిన మనిషికి ఎదుటివాడు ముందే ఓడిపోతే ఏం చెయ్యాలో తోచదు. అతను ఊరికే గొడుగు తెరిచి, మళ్ళీ మూశాడు.

* * *

ఆయన్ని అందరూ మాట మేస్త్రి అంటారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా తాళాలు చేతికిచ్చేటప్పుడు ఒక మాట చెప్పడం ఆయనకు అలవాటు. "ఇంక రెండేళ్ళు దీని జోలికి వెళ్ళక్కర్లేదు," అంటే రెండేళ్ళు వెళ్ళక్కర్లేదు. షెడ్డు ముందు, రోడ్డుకు ఎదురుగా ఆయన కుర్చీ ఉండేది. దారిన పోయేవాళ్ళందరూ ఆ కుర్చీకి ఒక పలకరింపు బాకీ ఉన్నట్టే ఆగి వెళ్ళేవారు.

ఆ షెడ్డులో ఇంకో ఆచారం ఉంది. తీసిన పాత పార్టును బండి యజమానికి చూపించకుండా తాళాలు ఇవ్వరు. చూపించాక దానికి ఒక చీటీ కట్టి రేకుపెట్టెలో వేస్తారు. చీటీ మీద నాలుగు వరుసలు ఉంటాయి. తీసిన పార్టు. ఫిర్యాదు. కారణం. మళ్ళీ చూపించాల్సిన రోజు.

ఏడాదిగా ఆ నీలం కారు లాంటివే పదకొండు వచ్చాయి. పదకొండింటికీ పక్కసీటు ముందు కార్పెట్ కింద ఉండే ఆ ఎలక్ట్రానిక్ బాక్సే పోయింది. నీళ్ళు తగిలి పోయిందని కనబడుతూనే ఉంది. అద్దాలు మూసే ఉంటాయి, పైన ఎక్కడా కారదు, మరి నీళ్ళు ఎటునుంచి వచ్చినట్టు? పదకొండు చీటీల్లోనూ కారణం అన్న వరుస ఖాళీగానే ఉండిపోయింది. కొందరు మళ్ళీ వచ్చి కేకలేశారు. కొందరు కేకలెయ్యకుండా వేరే షెడ్డుకి వెళ్ళిపోయారు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. ఒకరోజు కుర్చీ తీసుకెళ్ళి టైర్ల పక్కన వేసుకున్నాడు.

"అక్కడ గాలి రాదు నాన్నా," అందామె.

"ముందు కూర్చుంటే మొహం చూపించాలమ్మా," అన్నాడాయన.

అప్పటినుంచీ ఆమెకు ఒకటే పట్టుదల. ఆ కుర్చీ మళ్ళీ ముందుకు రావాలి.

* * *

"మీకు ఆఫీసు లేదా?" అని అడిగింది అతన్ని.

"సెలవు పెట్టాను. మిమ్మల్ని తిట్టడానికి."

"తిట్టడం అయిపోయిందిగా. ఉంటే ఈ టార్చి పట్టుకోండి."

అతను టార్చి పట్టుకున్నాడు. ఆమె వైపర్లు విప్పింది. వాటి కింద ప్లాస్టిక్ జాలీ విప్పింది. జాలీ కింద ఒక రేకు, రేకు కింద ఇంకో రేకు. ఒక మర తియ్యాలంటే దానికి అడ్డంగా ఇంకో మర. రెండు గంటలు పట్టింది, అదీ ఊరికే చూడటానికే. చివరికి ఒక మూల, పెన్సిల్ పట్టేంత కన్నం కనబడింది.

"అద్దం మీద పడ్డ వాననీళ్ళన్నీ దీంట్లోంచే పోవాలి," అంటూ ఆమె పాత సైకిల్ బ్రేకు వైరు అందులోకి దూర్చింది. రెండు అంగుళాలు వెళ్ళాక ఏదో తగిలింది. మెల్లగా మెలితిప్పి లాగింది. ఒక ఆకు వచ్చింది. వెనకే ఇంకోటి. ఆ తర్వాత నల్లగా కుళ్ళి, ఉండలా గట్టిపడ్డ ఆకులముద్ద బయటికొచ్చింది.

మగ్గుతో నీళ్ళు పోసింది. గుటుక్కున దిగిపోయాయి.

"అమ్మ దొంగా!" అన్నాడు బాబాయ్, సుత్తి పట్టుకునే వచ్చి. "ఇక్కడ మూసుకుపోతే నీళ్ళు నిండి, ఈ గాలిగొట్టంలోంచి లోపలికి దూకుతాయి. దూకితే తిన్నగా ఎక్కడ పడతాయి?"

"బాక్సు మీద," అందామె.

మేస్త్రి ఆకులముద్దను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

ఆమెకు మాత్రం ఒళ్ళు మండింది. "ఇంతింత వాన పడే చోట ఇంత కన్నమా? దాని కిందే కారు మొత్తంలోకి ఖరీదైన బాక్సా? ఇది గీసినవాడు జన్మలో ఎప్పుడైనా చెట్టుని చూశాడా?"

టార్చి వెలుగు కన్నం మీంచి పక్కకి జరిగింది.

"చూసే ఉంటాడు," అన్నాడతను.

"చూస్తే ఆకులు రాలతాయని తెలియదా? వాణ్ణి తీసుకొచ్చి వానాకాలం నాలుగు నెలలూ ఈ కన్నం కింద పడుకోబెట్టాలి."

"నాలుగు నెలలు ఎక్కువేమో," అన్నాడతను.

* * *

మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చాడు. బాక్సు రావడానికి ఇంకా రెండురోజులు పడుతుందని ఫోనులో చెప్పినా వచ్చాడు. కన్నం శుభ్రం చెయ్యడం నేర్చుకుంటానన్నాడు.

"నేర్చుకోండి. మీ చేతులు నాజూగ్గా ఉన్నాయి, లోపలికి బాగానే పడతాయి."

"పొగిడారా, వెక్కిరించారా?"

"కొలత చెప్పానంతే."

వైరు ఎలా దూర్చాలో, ఎక్కడ మెలితిప్పాలో చూపించింది. అతను మూడుసార్లు తప్పు చేశాడు, నాలుగోసారి సరిగ్గా చేశాడు. మధ్యమధ్యలో ఆమె కన్నం గీసినవాణ్ణి తిడుతూనే ఉంది. వాడికి చెప్పులు ఎప్పుడూ తడిసే ఉండాలంది. వాడు పెళ్ళిచూపులకి వెళ్ళిన ఇంట్లో సరిగ్గా వాడి కుర్చీ మీదే పైకప్పు కారాలంది. అతను ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. పెళ్ళిచూపుల మాటకి మాత్రం ఒకసారి దగ్గాడు.

అతను వచ్చినప్పుడల్లా మేస్త్రి కుర్చీలోంచి లేచేవాడు. "బాక్సు ఇంకా రాలేదు బాబూ. అమ్మగారికి ఇబ్బంది అవుతోంది. ఏమనుకోవద్దని చెప్పండి," అనేవాడు. అప్పుడు అతను నేల చూసేవాడు. ఆమె అది గమనించింది. పెద్దాయన అలా లేవడం ఇబ్బందిగా ఉందేమో అనుకుంది. మనిషి మంచివాడే అనుకుంది. ఆ అనుకోవడం తనకు అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపు సాగిందని కూడా గమనించింది.

మూడో రోజు, "ఆ వైరు ఎప్పుడూ ఒకేచోట తగులుతుంది, ఎందుకో తెలియదు," అంది. "లోపల ఏదో ఉంది."

అతను బల్లమీద ఖాళీ చీటీ ఒకటి తీసుకుని, వెనకవైపు కన్నం బొమ్మ గీశాడు. కారువైపు చూడకుండానే గీశాడు. గీతలు తిన్నగా, అలవాటైన చేతివాటంతో వచ్చాయి. కన్నం లోపల, అడుగున, గోరంచంత ఎత్తున ఒక చిన్న గట్టు గీసి పెన్సిల్ మొనతో చూపించాడు. "కాడలు దీనికి తట్టుకుంటాయి. ఒకటి తట్టుకుంటే మిగతావి దానిమీద పేరుకుంటాయి."

ఆమె బొమ్మని చూసింది. అతన్ని చూసింది.

"ఈ గట్టు పైనుంచి కనబడదు."

"ఊఁ."

"కిందనుంచీ కనబడదు. రేకు కోస్తే తప్ప ఎవరికీ కనబడదు. మీకెలా తెలుసు?"

అతను పెన్సిల్ కింద పెట్టాడు. షెడ్డు రేకుల మీద వాన మొదలైంది. బాబాయ్ సుత్తి ఆగింది గానీ ఈసారి నవ్వుకి కాదు.

"నేనే గీశాను," అన్నాడతను. "కారు కంపెనీ డిజైన్ ఆఫీసులో పని. నా మొదటి పని ఇదే. ఈ కన్నం, ఈ గట్టు."

"ఆ గట్టు ఎందుకు?"

"చుక్కలు పడే చప్పుడు కారులోకి వినపడకూడదన్నారు. గట్టు పెడితే నీళ్ళు గోడ వెంట జారతాయి, చప్పుడు ఉండదు. ల్యాబ్‌లో పదిరోజులు వాన కురిపించి చూశాం. బాగా పనిచేసింది."

"ఆకులు?"

"ల్యాబ్ వానలో ఆకులుండవు. వడకట్టిన నీళ్ళు."

ఇంకో సమయంలో అయితే ఆమె నవ్వేదేమో. ఇప్పుడు నవ్వు రాలేదు. "మొదటిరోజు టార్చి పట్టుకున్నప్పుడే తెలుసన్నమాట."

"తెలుసు."

"మూడురోజులు నా చేత మిమ్మల్ని మీరే తిట్టించుకున్నారు!"

"అన్నీ నిజాలే కదండీ. ఒక్క చెప్పుల సంగతే కాస్త అన్యాయం అనిపించింది."

"తిట్లు పోనివ్వండి," అందామె. గొంతు పెరగలేదు, కానీ మాట గట్టిపడింది. "మా నాన్న మూడురోజులుగా మీ ముందు లేచి నిలబడి క్షమాపణ చెబుతున్నాడు. మీ తప్పుకి. మీరు వింటూ నిలబడ్డారు. నాకు చెప్పి ఏం లాభం? ఆయనకి చెప్పండి."

అతను తలూపి తిన్నగా టైర్ల దగ్గరికి నడిచాడు. మేస్త్రి అలవాటుగా లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టి, తను ఒక టైరు మీద కూర్చుని, అంతా చెప్పాడు. వానహోరులో ఆ మాటలు ఆమెకు వినపడలేదు. నాన్న ముఖం మాత్రం కనబడింది. ఆ ముఖంలో కోపం లేదు. ఏడాదిగా వేధిస్తున్న పంటినొప్పికి కారణం ఫలానా పన్ను అని తెలిసినవాడిలా ఉన్నాడు.

"అంటే తప్పు నా పనిలో లేదన్నమాట," అన్నాడు మేస్త్రి.

"మీ పనిలో ఏనాడూ లేదండి. కానీ ఆ మాట నేను నోటితో చెబితే చాలదు. కంపెనీ కాగితం మీద చెప్పాలి. దానికి మీ రేకుపెట్టె కావాలి. ఆ బాక్సులు, చీటీలు, తేదీలు."

బాబాయ్ ఊరుకోలేదు. "కన్నం నీది, కంపెనీ నీది, సాక్ష్యం కూడా నీ చేతికే ఇవ్వాలా? పిల్లికి పాలు అప్పజెప్పినట్టుంది."

మేస్త్రి కూతురివైపు చూశాడు. "ఏమంటావమ్మా? కారణం పట్టుకున్నది నువ్వు."

పెట్టె పోతే నాన్న నిజాయితీకి ఉన్న ఒక్క సాక్ష్యమూ పోయినట్టే. ఆమె అతని ముఖంలోకి చూసింది. మొదటిరోజు వానలో మూసిన గొడుగుతో నిలబడ్డప్పుడు కూడా ఆ ముఖం కోపాన్నీ తడబాటునీ దాచలేకపోయిందని గుర్తొచ్చింది. పెట్టె తెచ్చి, పదకొండు చీటీల్లోనూ ఖాళీగా ఉన్న వరుసలో ఒక్కొక్కటిగా రాసింది. కారణం: నీళ్ళు పోయే కన్నం, లోపలి గట్టు. అప్పుడు పెట్టె అతని చేతిలో పెట్టింది.

"కాగితం వచ్చేదాకా ఈ గుమ్మంలో మొహం చూపించను," అన్నాడతను.

"మంచిది," అందామె.

* * *

ఆరు వారాలు గడిచాయి. కొత్త బాక్సు వచ్చింది, నీలం కారు తిరిగింది. వాన పడినప్పుడల్లా నర్సమ్మగారు కన్నం శుభ్రం చేయించుకోవడానికి వచ్చేది.

"వాడు మాట మీదే ఉన్నాడమ్మాయ్," అందావిడ ఒకరోజు. "మీకు మొహం చూపించనన్నాడటగా? ఇంట్లో మాత్రం రోజూ చూపిస్తున్నాడు, చూడలేక చస్తున్నాను. అన్నంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుంటాడు. ఆఫీసులో గొడవేరా అంటే గొడవేనంటాడు. ఇంకేమైనా ఉందా అంటే కన్నం సంగతి ఎత్తుతాడు."

"పాపం," అంది ఆమె, వైరు తుడుస్తూ.

"నేను కన్నం గురించి అడగలేదు," అంది నర్సమ్మగారు. ఇంతమంది నాడి చూసిన మనిషి. ఆమె చేతిలో వైరు ఒకేచోట ఎన్నిసార్లు తుడుచుకుందో చూసింది, ఇంకేం అనలేదు.

బాబాయ్ ఊరుకునే రకం కాదు. "ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. వీళ్ళకి మూడు రోజులు చాలినట్టుంది."

"నీ సొట్టల సంగతి చూసుకో బాబాయ్."

"సొట్ట ఎక్కడ పడిందో కనిపెట్టడమే నా పని తల్లీ."

ఏడోవారం, బాగా వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, అతను గుమ్మంలోకి వచ్చాడు. ఈసారి గొడుగు తెరిచే ఉంది. దాని కింద తను కాదు, రేకుపెట్టె ఉంది. తను మాత్రం నిలువునా తడిసిపోయాడు.

పెట్టె మీద ప్లాస్టిక్ కవరులో ఒక ఉత్తరం. మేస్త్రి కళ్ళద్దాలు పెట్టుకుని పైకే చదివాడు. ఆ మోడల్ కార్లన్నిటికీ కన్నం మార్చి, బాక్సు మీద మూత బిగిస్తారు. ఇదివరకు బాక్సు మార్పించుకున్నవాళ్ళ ఖర్చు తిరిగి ఇస్తారు. మేస్త్రి ఇచ్చిన బాక్సు ఖర్చు కూడా. ఆఖరి వాక్యం కింద వేలు పెట్టి చదివాడు. "లోపం మా డిజైన్‌ది. మరమ్మతు చేసినవారిది కాదు."

"ఆ ఒక్క వాక్యానికే నాలుగు వారాలు పట్టిందండి," అన్నాడతను. "మిగతాదంతా రెండు వారాల్లో ఒప్పుకున్నారు."

మేస్త్రి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. టైర్ల దగ్గరికి వెళ్ళి, కుర్చీని ఒంటిచేత్తో ఎత్తుకొచ్చి, రోడ్డుకు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. వానజల్లు మోకాళ్ళ మీద పడుతున్నా జరగలేదు.

ఆమె కళ్ళు ఒత్తుకుని, అతనివైపు తిరిగింది. "మిమ్మల్ని ఏం చేశారు?"

"డిజైన్ గదిలోంచి తీసేశారు. ఇకమీదట షెడ్డు షెడ్డుకీ తిరిగి మెకానిక్‌ల ఫిర్యాదులు రాసుకురావాలి."

"శిక్షా?"

"వాళ్ళు అలాగే అనుకుంటున్నారు. నేను కాదనలేదు."

ఆమెకు నవ్వొచ్చింది. హెయిర్ డ్రయ్యర్ తీసి అతని చేతిలో పెట్టింది. "ముందు తల ఆరబెట్టుకోండి. మెకానిక్‌ని తర్వాత పిలుద్దురుగాని."

"ఒక్కసారి కారులో కూర్చుంటారా? కొత్త కన్నం వేయించి తెచ్చాను."

బయట ఆగి ఉన్న నీలం కారులోకి పరిగెత్తారు. తలుపులు మూశారు. అద్దం మీదినుంచి నీళ్ళు జారుతున్నాయి. కాసేపటికి ముందువైపు మూలనుంచి చప్పుడు వినపడింది. టప్. టప్. టప్.

"గట్టు తీసేశాను," అన్నాడతను. "ఇంక చప్పుడు వినపడుతుంది. ఫరవాలేదా?"

"వాన పడుతుంటే వాన పడుతున్నట్టు ఉండాలి కదా," అందామె.

ఇద్దరూ వింటూ కూర్చున్నారు. చివరికి అతను, "పెట్టెలో చీటీలు సరిగ్గా ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి," అన్నాడు.

లోపలికి వచ్చి చూసుకుంది. బాక్సులు పదకొండే ఉన్నాయి. చీటీలు పన్నెండు ఉన్నాయి. పన్నెండోది ఏ పార్టుకీ కట్టలేదు. అందులో గీతలు గీసే చెయ్యి శ్రద్ధగా రాసిన అక్షరాలున్నాయి.

తీసిన పార్టు: ఏదీ తియ్యలేదు, ఇక్కడే వదిలి వెళ్ళాను.

ఫిర్యాదు: ఆరు వారాలుగా ఏ పనీ సాగడం లేదు.

కారణం: మెకానిక్‌గారు.

మళ్ళీ చూపించాల్సిన రోజు అన్న వరుస ఖాళీగా ఉంది.

ఆమె రెండుసార్లు చదివింది. అతను డ్రయ్యర్ ఆన్ చెయ్యకుండానే తలకి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె బల్లమీద పెన్ను తీసుకుని, ఖాళీ వరుసలో "ఆదివారం" అని రాసింది.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి చీటీ అందుకుంది. మేస్త్రి కళ్ళద్దాలు సర్దుకుని, నాలుగు వరుసలూ తాపీగా చదివాడు. బాబాయ్ సుత్తి ఎప్పుడో ఆగిపోయింది. మేస్త్రి కూతురి చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. షెడ్డు చీటీ ఏదీ తను చూడకుండా బయటికి పోదు. ఆదివారం పక్కన తన గుండ్రటి అక్షరాలతో ఒక మాట చేర్చి, చీటీ అతని చేతికిచ్చి, వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

"అమ్మగారిని కూడా తీసుకురావలెను."